మనిషిని ఆపేదేది? తూటా ముక్కు మీద నూట పాతికేళ్ల వాదం

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు దళం అక్కడ పట్టుకున్నవి 26 కార్బైన్లు, రెండున్నర వేలకు పైగా తూటాలు. ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్లోనే రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడు కాబట్టి ఈ లెక్క మీద చరిత్రకారులకు పెద్దగా పేచీ లేదు. మన్యం తిరుగుబాటు గురించి రాసిన ప్రతివాళ్లూ ఆ తూటాలను లెక్కపెట్టారు. ఒక తూటా ఒంట్లో దిగాక ఏం చేస్తుంది, మనిషిని ఎందుకు ఆపుతుంది, ఒక్కోసారి ఎందుకు ఆపలేదు అన్న ప్రశ్న జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ ప్రశ్న డాక్టర్లకూ పోలీసులకూ వదిలేయాల్సిన విషయంగా మిగిలిపోయింది.

వదిలేయదగ్గ ప్రశ్న కాదది. చేతి తుపాకీ తూటా ఎలా ఉండాలన్న వాదం పుట్టిందే కొండల్లో, కొండ మనుషుల మీద. దాన్ని ఇప్పటికీ ఇంగ్లీషులో పిలిచే పేరు ‘స్టాపింగ్ పవర్’. మీదికి వస్తున్న మనిషిని తూటా అక్కడికక్కడ ఆపగలిగే శక్తి అని దాని భావం. గత నూట పాతికేళ్లలో ఈ ఒక్క మాట చుట్టూ పశువుల్ని కాల్చారు, శవాల్ని కాల్చారు, జిలాటిన్ దిమ్మల్ని కాల్చారు. తేలినదేమిటో, తేలనిదేమిటో చూద్దాం. రివాల్వర్, పిస్టల్ ముఖ్యంగా. ఏజెన్సీ సంగతి కాబట్టి వాటి పక్కనే నాటు తుపాకీ కూడా.

ముందు కథ వాయవ్య సరిహద్దులో మొదలవుతుంది. 1890ల్లో బ్రిటిష్ సైన్యం చేతికి .303 రైఫిల్ వచ్చింది. పాత రైఫిళ్ల తూటా మెత్తటి సీసం. లావుగా ఉండేది, నెమ్మదిగా వెళ్లేది, ఎముక తగిలితే చితికి విచ్చుకునేది. కొత్త తూటా సన్నం, వేగం ఎక్కువ, పైన రాగి-నికెల్ తొడుగు. 1895లో చిత్రాల్ దండయాత్ర నుంచి తిరిగొచ్చిన సైనికాధికారులు ఒకటే ఫిర్యాదు చేశారు: ఈ తూటా సూదిలా దూరి అవతలికి పోతోంది, తగిలిన పఠాన్ ఆగడం లేదు. కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే దీనికి విరుగుడు కనిపెట్టాడు. తూటా ముక్కు దగ్గర తొడుగు కొద్దిగా తీసేసి లోపలి సీసం బయటికి కనిపించేట్టు చేశాడు. అంతే. ఒంట్లోకి దిగగానే ఆ సీసం విచ్చుకుని గాయం పెద్దదయ్యేది. ఊరి పేరే తూటా పేరయింది.

1899లో హేగ్ సమావేశంలో దీని మీద రభస జరిగింది. ఒంట్లో విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడకూడదని ప్రతిపాదన వచ్చింది. బ్రిటన్ తరఫున సర్ జాన్ ఆర్డా చేసిన వాదన ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. నాగరిక సైనికుడు గాయపడితే పడిపోతాడట, చికిత్స కోసం చూస్తాడట. అనాగరికుడు మాత్రం తగిలినా లెక్కచేయకుండా మీదికి వస్తాడట. కాబట్టి రెండు రకాల మనుషులకు రెండు రకాల తూటాలు కావాలట. ఆ వాదన నెగ్గలేదు. జులై 29న ప్రకటన వెలువడింది. బ్రిటన్ 1907లో గానీ దానికి తలొగ్గలేదు. తలొగ్గినా పోయిందేమీ లేదు, ఎందుకంటే సంతకం చేసిన రాజ్యాల మధ్య యుద్ధానికే ఆ ప్రకటన వర్తిస్తుందని అందులోనే ఉంది. సొంత వలసలో జరిగే తిరుగుబాటు ఆ లెక్కలోకి రాదు. మన్యంలో డమ్‌డమ్ పేల్చారని నేననడం లేదు. పేల్చి ఉంటే ఆపే కాగితం ఏదీ లేదంటున్నాను.

ఇంకో చిత్రం చూడండి. నిషేధం ఒప్పుకున్నాక 1910లో బ్రిటన్ తెచ్చిన .303 ఏడో మార్కు తూటాకు పూర్తి తొడుగు ఉంది. చట్టం అక్షరాలా పాటించినట్టే. కానీ లోపల ముక్కు భాగంలో సీసం బదులు అల్యూమినియం పెట్టారు. ముక్కు తేలిక, వెనక బరువు. ఒంట్లోకి వెళ్లాక తూటా తలకిందులై అడ్డంగా దొర్లేది. విచ్చుకోకుండానే విచ్చుకున్నంత పని చేసేది. ఆయుధం తయారుచేసేవాడికీ చట్టం రాసేవాడికీ మధ్య పందెం ఎప్పుడూ ఇలాగే సాగింది.

రివాల్వర్ల సంగతికొస్తే, ఆనాటి ఇంగ్లీషు అధికారి నడుముకు ఉండేది .455 వెబ్లీ. 1898లో దానికి ‘మ్యాన్‌స్టాపర్’ అని ఒక తూటా వచ్చింది. ముక్కు దగ్గర అర్ధగోళంలా గుంట, చదును మూతి. పేరులోనే దాని ఉద్దేశం ఉంది. హేగ్ దెబ్బకు రెండేళ్లకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1912లో చదును ముక్కుతో మళ్లీ ఒకటి తెచ్చారు, ఐరోపాలో యుద్ధం రాగానే అదీ మూలన పడింది. 1930ల్లో .455 వదిలి .38కి మారారు: మొదట 200 గ్రెయిన్ల ఒట్టి సీసం, 1938కల్లా తొడుగు వేసిన 178 గ్రెయిన్లు. మన సబ్-ఇన్‌స్పెక్టర్ల నడుముకు దశాబ్దాలపాటు వేలాడిన .38 రివాల్వర్ ఆ వంశంలోదే.

మ్యాన్‌స్టాపర్ కాలంలోనే అమెరికా వాళ్లు ఫిలిప్పీన్స్‌లో ఇదే భయంతో సతమతమయ్యారు. మోరో యోధులు .38 రివాల్వర్ తూటాలు తిని కూడా కత్తితో మీదికొచ్చేవారని సైనికులు చెప్పుకున్నారు. 1904లో సైనికాధికారి థాంప్సన్, సైనిక వైద్యుడు లగార్డ్ ఇద్దరూ షికాగో కబేళాలో బతికున్న పశువుల మీద, మనుషుల శవాల మీద రకరకాల తూటాలు పేల్చి చూశారు. .45కి తగ్గని తూటా కావాలని తేల్చారు. ఆ తీర్పు నుంచే 1911 నాటి .45 కోల్ట్ పిస్టల్ పుట్టింది. పరీక్షకు నిలబెట్టిన పశువులు చాలా కొద్ది, పేల్చిన పద్ధతి ఒక్కో పశువుకు ఒక్కో తీరు. ఈనాటి ఏ పత్రికా దాన్ని పరిశోధనగా అచ్చు వేయదు. కానీ ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది. తూటా ఏదైనా సరే, తగలాల్సిన చోట తగలకపోతే మనిషి ఆగడు, కాబట్టి సైనికులకు గురి నేర్పడం మీద పట్టుపట్టాలి అని. తూటా సైజు గురించిన మాటను లోకమంతా పట్టుకుంది. గురి మాట నివేదికలోనే ఉండిపోయింది.

లోపల జరిగేదేమిటో ఇప్పుడు చూద్దాం.

తూటా ఒంట్లో చేసే పనులు రెండు. ఒకటి, తన దారిలో ఉన్న కండను చితక్కొట్టి రంధ్రం చేయడం. ఇది శాశ్వతమైన గాయం. రెండోది, ఆ దారి చుట్టూ ఉన్న కండను ఒక్క క్షణం పక్కకు నెట్టేయడం. కొన్ని వేలవంతుల సెకనులో కండ విప్పారి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. కండకూ ఊపిరితిత్తికీ సాగే గుణం ఉంది కాబట్టి ఈ రెండో దెబ్బను చాలావరకు తట్టుకుంటాయి. కాలేయం, ప్లీహం, మెదడు తట్టుకోలేవు. నొక్కితే మిగలపండిన సీతాఫలంలా చీలిపోతాయి. రైఫిల్ తూటాతో ఈ రెండో పని చాలా పెద్దది. పిస్టల్ వేగానికి అది చిన్నది; చాలామంది డాక్టర్ల లెక్కలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈ తేడా అంకెల్లో చూస్తే తేలిగ్గా బోధపడుతుంది. 9 ఎంఎం పిస్టల్ తూటా బరువు దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్ల చుట్టుపక్కల. శక్తి సుమారు 490 జౌళ్లు. మన దేశంలో లైసెన్సు మీద దొరికే .32 రివాల్వర్‌కు అందులో సగం కూడా ఉండదు. ఏకే-47 తూటా బరువు కూడా ఇంచుమించు 8 గ్రాములే, కానీ వేగం 700 దాటుతుంది. శక్తి 2,000 జౌళ్లు. బరువు ఒకటే అయినా వేగం రెట్టింపయ్యేసరికి శక్తి నాలుగింతలయింది. పిస్టల్ తూటాల్లో ఇది గొప్పదా అది గొప్పదా అని కొట్టుకునేవాళ్లు ఈ నాలుగింతల తేడాను మరిచిపోతుంటారు.

మన సినిమాల్లో తూటా తగిలినవాడు నాలుగడుగులు వెనక్కి ఎగిరి పడతాడు. కృష్ణ నటించిన 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ కాలం నుంచి ఇప్పటిదాకా తెర మీద తూటాకు గేదె బలం ఉంటూనే ఉంది. స్కూలు ఫిజిక్స్‌తో లెక్క కట్టండి. 8 గ్రాముల తూటా, 350 మీటర్ల వేగం. అది 60 కిలోల మనిషి ఒంట్లో ఆగిపోయిందనుకుంటే అతనికి అందే వేగం సెకనుకు 5 సెంటీమీటర్లకు మించదు. చీమ కంటే కాస్త చురుగ్గా. ఆ తోపుడుకి నిలబడ్డవాడు తూలడు కూడా. అంతకంటే పెద్ద తోపుడు తూటాలో ఉంటే పేల్చినవాడే ముందు వెనక్కి పడాలి. తగిలినవాడు నిజంగా కూలిపోతే దానికి కారణం మెదడో వెన్నుపామో దెబ్బతినడం, రక్తం పోవడం, లేదా తగిలిందన్న భయంతో తనంతట తాను కూలబడడం. మూడోది మనసుకు సంబంధించింది, ఏ తూటా డిజైనుకూ అందదు. రెండోదానికి సమయం పడుతుంది. గుండె పూర్తిగా పనిచేయడం మానేసినా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో మనిషి 10-15 సెకన్లు స్పృహలో ఉండి కదలగలడు. ఆ పదిహేను సెకన్లలో కత్తి దూసినవాడు ఎంతదూరమైనా వస్తాడు. ఆర్డా ‘అనాగరికుడి’ లక్షణం అనుకున్నది మనిషి శరీరం లక్షణమే.

ఈ శరీరశాస్త్రాన్ని గట్టిగా పట్టుకున్న మొదటివాళ్లలో స్విట్జర్లాండ్ సర్జన్ థియోడార్ కోఖర్ ఒకడు. థైరాయిడ్ పరిశోధనకు 1909లో నోబెల్ అందుకున్నవాడే. అంతకుముందు నీళ్ల డబ్బాల్లోకీ సబ్బు దిమ్మల్లోకీ తూటాలు పేల్చి గాయాల తీరు చదివాడు. వియత్నాం యుద్ధంలో గాయపడ్డవాళ్లకు కత్తి పట్టిన మార్టిన్ ఫాక్లర్ 1980ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనిక ప్రయోగశాల పెట్టి పది శాతం జిలాటిన్ దిమ్మను ప్రామాణికం చేశాడు. చల్లబరిచిన ఆ దిమ్మలో తూటా ఎంత లోతు వెళ్తుందో, పంది కండలోనూ దాదాపు అంతే వెళ్తుందని సరిపోల్చి చూపించాడు. వేగం ఒక్కటే చూసి గాయం అంచనా వేసే పాత అలవాటును తిట్టిపోసినవాడు ఆయనే. గాయాన్ని చూసి వైద్యం చేయండి, తుపాకీని చూసి కాదు అన్నది ఆయన పాఠాల సారం.

ఆ పాఠం పోలీసుల తలకెక్కడానికి ఒక దుర్ఘటన కావాల్సి వచ్చింది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగలను చుట్టుముట్టారు. కాల్పులు మొదలైన కాసేపటికే ప్లాట్ అనే దొంగకు 9 ఎంఎం తూటా తగిలింది. ముక్కులో గుంట ఉండి విచ్చుకునే రకం, ఆనాటికి మంచిదని పేరున్నది. కుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి వెళ్లింది, చక్కగా విచ్చుకుంది కూడా. విచ్చుకోవడం వల్లే వేగం పోయి గుండెకు అంగుళం ఇవతల ఆగిపోయింది. ఆ గాయంతో బతకడం కష్టమే. కానీ అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉండి ఇద్దరు ఏజెంట్లను చంపాడు, మిగిలినవాళ్లలో పలువుర్ని గాయపరిచాడు.

దాని మీద ఎఫ్‌బీఐ మథనపడి 1989లో తేల్చింది ఇది: చేతి తుపాకీ తూటాకు అన్నిటికంటే ముందు కావాల్సింది లోతు. జిలాటిన్‌లో కనీసం 12 అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్లు వెళ్లాలి. 18కి మించితే ఎక్కువ. చేతిని దాటి, బట్టను దాటి, పక్కకు తిరిగి నిలబడ్డ మనిషిలో కూడా గుండెదాకా చేరాలంటే అంత లోతు తప్పదు. ఆ హామీ ఉన్నాకే తూటా ఎంత లావుగా విచ్చుకుంటుందన్నది చూడాలి. శక్తి, తోపుడు, తాత్కాలిక విప్పారడం ఇవన్నీ పిస్టల్ విషయంలో లెక్కలోకి రావు.

ఆ తర్వాత జరిగింది కాస్త నవ్వు తెప్పిస్తుంది. మొదట 10 ఎంఎంకి వెళ్లారు. దాని ధాటికి పేల్చేవాళ్ల చేతులే అదిరాయి. 1990లో దాన్ని తగ్గించి .40 తెచ్చారు, అమెరికా పోలీసులంతా దానికి ఎగబడ్డారు. పాతికేళ్లు తిరిగేసరికి తూటాల తయారీ మెరుగుపడి 9 ఎంఎం తూటానే అన్ని పరీక్షలూ నెగ్గుతోందని, పైగా దానితో సగటు పోలీసు గురి బాగుంటుందని 2014లో ఎఫ్‌బీఐ మళ్లీ పాత సైజుకే మొగ్గింది. 1904 నాటి లగార్డ్ నివేదికలో ఎవరూ చదవని వాక్యం అది. 1990ల్లో ఫలానా తూటాకు ‘ఒక్క దెబ్బకు ఆపే శాతం’ ఇంత అని పట్టికలు వేసిన మార్షల్, సానో పుస్తకం కూడా అదే కాలంలో బాగా అమ్ముడైంది. రెండుసార్లు కాల్చాల్సి వచ్చిన కేసులను పక్కన పెట్టేసి వేసిన శాతాలవి. ఇప్పటికీ తుపాకుల దుకాణాల్లో వాటిని ఉటంకించేవాళ్లున్నారు, డాక్టర్లలో లేరు.

ఇక్కడ ఒక చిక్కు విడదీయాలి. ఇన్నాళ్లూ రెండు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టారు. తూటా మనిషిని అప్పటికప్పుడు ఆపుతుందా అన్నది ఒకటి. తగిలినవాడు చివరికి చనిపోతాడా అన్నది రెండు. తూటా సైజుకు మొదటిదాంతో సంబంధం అంతంతమాత్రం. రెండోదాంతో ఉంది. ఆంథొనీ బ్రాగా, ఫిలిప్ కుక్ అనే ఇద్దరు పరిశోధకులు బోస్టన్ నగరంలో 2010 నుంచి 2014 దాకా జరిగిన కాల్పుల కేసులు తిరగేశారు. తగిలిన చోటు, ఎన్ని తూటాలు తగిలాయి, గొడవ స్వభావం ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, చిన్న సైజు తూటాలతో పోలిస్తే మధ్య సైజు తూటా తగిలినప్పుడు మరణం అవకాశం 2.3 రెట్లు, పెద్ద సైజుకు 4.5 రెట్లు ఉందని 2018లో ప్రచురించారు. ఆపడంలో డిజైను ప్రభావం స్వల్పమన్న మాటకూ, చంపడంలో సైజు ప్రభావం గట్టిదన్న మాటకూ వైరుధ్యం లేదు. లావు రంధ్రం నుంచి రక్తం త్వరగా పోతుంది. ఒక్క మనిషి విషయంలో అది పది సెకన్లలో తేడా తేకపోవచ్చు. వందమంది విషయంలో ఆస్పత్రికి చేరేలోపు తేడా తెస్తుంది.

చరిత్రలో కొన్ని తూటాల్ని తీసుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌కు రివాల్వర్ తూటా తగిలింది. అది క్లోమగ్రంథి వెనక హాని లేకుండా కూర్చుంది. దాన్ని వెతకడానికి డాక్టర్లు కడుక్కోని వేళ్లతో కెలికారు. చీముపట్టి సెప్టెంబరు 19న చనిపోయాడు. అక్కడ చంపింది తూటా అనలేం. 1948లో గాంధీజీ మీద పేలింది .380 బెరెట్టా. ‘స్టాపింగ్ పవర్’ పట్టికల్లో బలహీనమైనదిగా అడుగున ఉండే సైజు. దగ్గర నుంచి ఛాతీలో, పొట్టలో మూడు తగిలాక పట్టికతో పనేముంది? 1981 మార్చి 30న రీగన్‌కు తగిలింది .22. కారు రేకుకు తగిలి చదునై ఆయన చంక కింద దూరి ఊపిరితిత్తిలోకి వెళ్లింది. ఆస్పత్రి గుమ్మం దాకా నడిచి వచ్చి కూలిపోయాడు. లోపల బోలెడు రక్తం పోయింది. బతికించింది నిమిషాల్లో దొరికిన ఆపరేషన్ బల్ల, సంచులకొద్దీ రక్తం.

ఇప్పుడు మళ్లీ మన కొండలకు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మాటుగాసిన రాజు దళం చేతిలో చనిపోయారు. వరసలో నడుస్తున్న భారతీయ సిపాయిలను వదిలిపెట్టి, ఆ ఇద్దరినే ఎంచుకుని కాల్చారని చెబుతారు. ఇరుకు దారి, దగ్గరి దూరం, ఎంచుకున్న గురి. ఈ మూడు కలిసొచ్చినచోట తూటా ముక్కు గుండ్రమా చదునా అన్నది అప్రస్తుతం. 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టేసి సీతారామరాజును కాల్చి చంపినప్పుడూ అంతే. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు దగ్గర నుంచి కాల్చినప్పుడూ అంతే. నిరాయుధుణ్ణి నిలబెట్టి కాల్చేచోట ఆయుధశాస్త్రం చెప్పేదేమీ ఉండదు.

కొండల్లో రోజువారీ బతుకులో తుపాకీ గాయం చేసేది మరొకటి: నాటు తుపాకీ. ఇనప గొట్టం, చేత్తో చెక్కిన మడమ. మందు, పీలికలు, గుళ్లు అన్నీ గొట్టం మూతి నుంచే దట్టించాలి. గుళ్లంటే ఒక సైజని లేదు: సీసం ముక్క కావచ్చు, సైకిల్ బేరింగు గుండ్లు కావచ్చు, విరిగిన ఇనప తునక కావచ్చు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగకు అరకు, పాడేరు వైపు ఊళ్లలో మగవాళ్లు వేటకు అడవికెక్కుతారు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఏడిపిస్తారు. 1972 చట్టం వేటను నిషేధించినా ఆ ఆనవాయితీ పూర్తిగా పోలేదు. మసక వెలుతురులో పొద కదిలితే అడవిపంది అనుకుని తోటివాణ్ణే కాల్చిన ఉదంతాలు ఏజెన్సీ వార్తల్లో తరచూ కనిపిస్తూనే ఉంటాయి.

ఆ గాయం ఫ్యాక్టరీ తూటా గాయంలా ఉండదు. నాటు తుపాకీకి రైఫిల్ వేగం లేదు. కండ విప్పారే గాయం తక్కువ, నలిపి చీల్చే గాయం ఎక్కువ. గుండ్రటి గుళ్లకు, ముక్కలకు గాలిలోనే వేగం తగ్గిపోతుంది కాబట్టి దూరం నుంచి తగిలితే చర్మం కిందే ఆగిపోతాయి, దగ్గర నుంచి తగిలితే ఒక్క పెద్ద గుంటే పడుతుంది. మెత్తటి సీసం ఎముకకు తగిలితే ఎముకను ముక్కలు చేస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో సీసపు మినియే తూటాలు తగిలినవాళ్లకు అన్ని కాళ్లూ చేతులూ తీసేయాల్సి రావడానికి అదే కారణం. దానికి తోడు గొట్టంలో దట్టించిన పీలిక, ఒంటిమీది బట్ట ముక్క, తుప్పు, మట్టి అన్నీ గాయంలోకి పోతాయి. మొదటి గంటలో భయం రక్తానిదైతే, మూడో రోజు భయం ధనుర్వాతానిది, గ్యాస్ గ్యాంగ్రీన్‌ది. పిస్టల్ తూటా గురించి రాసిన అమెరికన్ పుస్తకాల్లో ఈ మూడో రోజు పేజీలు చాలా తక్కువ.

దర్యాప్తులో కూడా తేడా ఉంది. పిస్టల్ గొట్టం లోపల మెలికల గాళ్లు ఉంటాయి, తూటా మీద వాటి గీతలు పడతాయి. ఈ తూటా ఈ పిస్టల్‌దే అని ల్యాబులో చెప్పొచ్చు. నున్నటి నాటు గొట్టం అలాంటి గీతలు వదలదు. పోస్టుమార్టంలో దొరికేది దూరం గురించిన సాక్ష్యం మాత్రం: గాయం చుట్టూ మసి, కాలని మందు రేణువులు చర్మంలో గుచ్చుకున్న చుక్కలు. ఈ మచ్చలు ఉన్నాయంటే దగ్గర నుంచి కాల్చినట్టు. ఎదురుకాల్పులన్న మాట నిజమా కాదా అని ఆంధ్రలో పౌరహక్కుల సంఘాలు ఏళ్ల తరబడి వాదించింది ఈ మచ్చల మీదే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో ఎన్‌కౌంటర్ మరణాలపై మార్గదర్శకాలు ఇవ్వడానికి దారితీసింది మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఫిర్యాదులే.

పోలీసు చేతి పిస్టల్ విషయంలో నాకొక అభిప్రాయం ఉంది, అందరూ ఒప్పుకోకపోవచ్చు. పూర్తి తొడుగున్న 9 ఎంఎం తూటా జిలాటిన్‌లో 60 సెంటీమీటర్లు దాటుతుంది. మనిషి ఛాతీ మందం పాతిక సెంటీమీటర్లు. అంటే ఒకరిని దాటి వెనకవాణ్ణి చేరుతుంది. ఇరుగూ పొరుగూ ఒకే చోట గుమిగూడే అరకు సంతలో ఇది చిన్న విషయం కాదు. ముక్కులో గుంట ఉన్న తూటా 9 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుని ఒంట్లోనే ఆగుతుంది. వెనకవాడికి ప్రమాదం తక్కువ, తగిలినవాడికి ఎక్కువ. యుద్ధంలో సైనికుడికి నిషిద్ధమైనది ఊళ్లో పోలీసుకు చాలా దేశాల్లో అనుమతించారు, ఈ కారణం చెప్పే. 2010లో కంపాలాలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నిబంధనలు సవరించి అంతర్గత సాయుధ ఘర్షణల్లోనూ విచ్చుకునే తూటా వాడకాన్ని నేరంగా చేర్చారు. ఆ కోర్టులో భారత్ సభ్యదేశం కాదు. కొండల్లో జరిగేది పోలీసు పనా, యుద్ధమా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. నా మటుకు, జనం మధ్య తిరిగే కానిస్టేబులుకు ఏ తూటా ఇవ్వాలన్న ప్రశ్న కంటే, అతను ఏడాదికి ఎన్నిసార్లు గురి సాధన చేస్తున్నాడన్న ప్రశ్న పెద్దది. తప్పిన తూటాకు డిజైను ఉండదు.

ఇక గాయపడ్డవాడి వైపు నుంచి. అరకు నుంచి విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికి ఘాట్ రోడ్డు మీద 115 కిలోమీటర్లకు అటూఇటూ. అది రోడ్డు మొదలైన చోటి నుంచి లెక్క. దానికి ముందు కొండ మీది గూడెం నుంచి తారు రోడ్డు దాకా డోలీ: వెదురు బొంగుకు దుప్పటి కట్టి ఇద్దరు భుజాన మోస్తారు, ఇద్దరు మార్చుకోవడానికి వెంట నడుస్తారు. తొడలో పెద్ద రక్తనాళం తెగినవాడికి నిమిషాలే ఉంటాయి. కడుపులో చిన్న రంధ్రం పడ్డవాడికి గంటలు. ఈ తేడా మీద తూటా సైజు పనిచేస్తుంది, గంటల మీద దారి పనిచేస్తుంది. బోస్టన్‌లో 2.3 రెట్లన్నది అంబులెన్సు నిమిషాల్లో వచ్చే ఊళ్లో లెక్క. ఇక్కడ అదే గాయాలకు ఏ సైజైనా ప్రమాదం పెరుగుతుంది, చిన్న తూటాకున్న ఆ కాస్త సానుకూలత డోలీలోనే కరిగిపోతుంది. అందుకే గాయం మీద గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టడం, కాలో చెయ్యో అయితే పైన పట్టీ బిగించి బిగించిన టైము రాయడం, తూటా కోసం కెలక్కుండా వదిలేయడం ఆశా కార్యకర్తలకూ వేటకు వెళ్లే కుర్రాళ్లకూ నేర్పాల్సినవి.

తూటా తీయడం అన్నది సినిమా మనకు అంటించిన ఇంకో భ్రమ. స్టీలు గిన్నెలో టంగుమని పడితే ప్రాణం దక్కినట్టు. చాలాసార్లు సర్జన్లు దాన్ని అక్కడే వదిలేస్తారు. రక్తస్రావం ఆపి, పేగు కుట్టి, చచ్చిన కండ తీసేయడం ముఖ్యం. కండలో కూర్చున్న సీసం చుట్టూ ఒళ్లే ఒక పొర కట్టేస్తుంది. మోకాలి కీలులోనో, వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోనో ఉంటే మాత్రం తీయాలి. ఆ ద్రవం సీసాన్ని నెమ్మదిగా కరిగిస్తుంది, ఏళ్ల తర్వాత రక్తంలో సీసం విషం తేలుతుంది: కడుపునొప్పి, రక్తహీనత, చేతుల్లో పట్టు సడలడం. కొండ ఊళ్లో ఈ లక్షణాలకు మలేరియా, నులిపురుగులు, సికిల్‌సెల్ అంటూ కారణాలు ముందే వరసలో నిలబడి ఉంటాయి. ఆ లక్షణాలతో వచ్చిన నడివయసు మనిషిని, ఎప్పుడో వేటలో గుళ్లు తగిలాయా, ఎక్కడ తగిలాయి అని ఒక్క మాట అడిగి ఎక్స్‌రే తీయిస్తే సరిపోతుంది.